కృష్ణానగర్ గది ఖాళీ చేయాలనుకుంటే

దర్శకులు కావాలని హైదరాబాద్ వచ్చి, కృష్ణానగర్ గదుల్లో ఏళ్లు గడిపి, ఇక చాలని తేల్చుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉండాలా వెళ్లాలా అన్న చర్చ ఇందులో లేదు. వెళ్లాలనుకున్నాక ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే చెబుతాను.

1. బాకీలు తేల్చుకోండి. రావాల్సినవి, ఇవ్వాల్సినవి విడివిడిగా రాసుకోండి. ఆగిపోయిన సినిమాల బత్తా, పారితోషికం గురించి ప్రొడక్షన్ మేనేజర్‌ని వాట్సాప్‌లోనైనా సరే, రాతలో అడగండి. ఆ డబ్బు రాకపోవచ్చు, దాన్ని నమ్ముకుని ఏ ఖర్చూ పెట్టుకోకండి. మెస్సు ఖాతా, స్నేహితుల చేబదుళ్లు మాత్రం ముందు తీర్చేయండి. ఊరు మారాక ఆ నంబర్లు చూస్తే ఫోన్ ఎత్తలేని పరిస్థితి రాకూడదు.

2. కథలు భద్రం చేయండి. రాసిన కథ మీద హక్కు మీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ తగాదా వస్తే ఆధారంగా పనికొస్తుంది. హక్కులు ఎవరికైనా రాసిచ్చి ఉంటే ఆ కాగితం తీసి చదవండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది.

3. బయోడేటా కొత్తగా రాయండి. అసలు కష్టం ఇక్కడే. ‘అసిస్టెంట్ డైరెక్టర్’ అని రాస్తే బయట ఆఫీసుల్లో చాలామందికి ఏమీ అర్థం కాదు. చేసిన పనులు విప్పి చెప్పండి. కంటిన్యుటీ చూసినవాళ్లకు చిన్న వివరం కూడా జారిపోకుండా పట్టుకోవడం వచ్చు. షెడ్యూల్ వేసినవాళ్లు నటుల డేట్లు, లొకేషన్ అనుమతులు, వాన భయం అన్నీ కలిపి లెక్క కట్టినవాళ్లు. ఎడిటింగ్, డబ్బింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకు సాఫ్ట్‌వేర్, భాష రెండూ తెలుసు. ఈవెంట్ సంస్థలకు, వార్తా చానెళ్లకు, ఆన్‌లైన్ పాఠాలు తీసేవాళ్లకు కావలసింది ఇలాంటి మనుషులే. సినిమా ఆఫీసులోనే చిన్న ఉద్యోగం మాత్రం వెంటనే పట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ‘ఇంకొక్క సినిమా’ అన్న పిలుపు అక్కడ రోజూ వినిపిస్తుంది.

4. డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చి ఉంటే, ఉద్యోగం చేస్తూనే పూర్తి చేయొచ్చు. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇలాంటివాళ్ల కోసమే ఉంది.

5. ఇంట్లో మీరే చెప్పండి, ఇంకొకరి నోట విననివ్వకండి. పెళ్లిళ్లలో ‘ఏరా, నీ సినిమా ఎప్పుడు?’ అని అడుగుతారు. ‘మానేశాను బాబాయ్, ఇప్పుడు ఫలానా చోట చేస్తున్నా’ అనండి. సంజాయిషీ అక్కర్లేదు. తోటివాళ్ల సినిమా విడుదలైన రోజు మనసు బరువెక్కితే ఆ షోకు వెళ్లకండి, తర్వాతెప్పుడైనా చూడొచ్చు.

6. గదిలో ఇంకా మిగిలినవాళ్లతో మాట మానకండి. మీకు పని ఎలా దొరికిందో, ఎవరిని అడిగారో వాళ్లకు వివరంగా చెప్పండి. రేపు వాళ్లలో ఒకరికి అది అవసరం పడొచ్చు.