పెట్రోలు బండి, కరెంటు బండి: ఒక ఇంటి లెక్క

వార్షిక సంచికకు శాస్త్ర విషయకమైన వ్యాసం ఒకటి కావాలని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఏం రాయాలా అని నేను ఎక్కువగా ఆలోచించనక్కర లేకపోయింది. అప్పటికి వారం రోజులుగా మా పిన్ని కొడుకు నన్ను ఒకే ప్రశ్నతో వేధిస్తున్నాడు. వాడు హైదరాబాదులో సొంత కారుతో కిరాయిలు తోలి సంసారం నడుపుతున్నాడు. "అన్నయ్యా, నువ్వు ఫిజిక్సు చెబుతావు గదా! పెట్రోలు బండి అమ్మేసి కరెంటు బండి కొనమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు" అంటాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఆ లెక్కే ఈ వ్యాసం.

పాత బండే, కొత్త బ్యాటరీ

విద్యుత్తుతో నడిచే కారు నిన్న మొన్న పుట్టినది కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు విద్యుత్తు కారే. 1899లో కమీ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు ఫ్రాన్సులో ఆ పని చేశాడు. ఆ రోజుల్లో పెట్రోలు బండిని చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయవలసి వచ్చేది. 1912లో విద్యుత్ స్టార్టరు వచ్చి ఆ బాధ తప్పింది. పెట్రోలు చౌక, పైగా ఎంత దూరమైనా పోవచ్చు. దానితో కరెంటు కారు వెనకబడింది.

దాన్ని వెనక్కి లాగినది మోటారు కాదు, బ్యాటరీ. మన దేశంలో 2001లో బెంగుళూరు నుంచి వచ్చిన రేవా కారులో కూడా మొదట సీసపు బ్యాటరీలే ఉండేవి. 1991లో మార్కెట్లోకి వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ క్రమంగా చౌక అయిన తరువాతే ఈ బండికి మళ్లీ మంచి రోజులు వచ్చాయి.

ఇంజను ఎంత తింటుంది? మోటారు ఎంత తింటుంది?

లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఇంజను ఇందులో దాదాపు నాలుగో వంతును మాత్రమే చక్రాలకు అందిస్తుంది. మిగతాదంతా రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా వేడి రూపంలో గాలిపాలు. విద్యుత్తు మోటారు అలా కాదు, తీసుకున్న దానిలో నూటికి 85 పాళ్లకు పైగా పనిగా మారుస్తుంది.

అయితే పెట్రోలుకు ఒక గొప్ప గుణం ఉంది. ముప్పాతిక కిలో బరువులో 9 యూనిట్లు ఇముడుతాయి. లీటరు పెట్రోలు చేసే పనిని బ్యాటరీతో చేయించాలంటే సుమారు 15 కిలోల బ్యాటరీ మోయాలి. కాబట్టి కరెంటు బండి పొదుపరి, కానీ బరువు మోస్తుంది.

లెక్క వేద్దాం

చిన్న పెట్రోలు కారు ఊళ్లో లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు 105 రూపాయలు. కరెంటు కారు, ఛార్జింగులో పోయే నష్టంతో సహా, గోడ ప్లగ్గు నుంచి తీసుకున్న యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. ఇంటి కరెంటు పై స్లాబులో పడుతుంది కాబట్టి యూనిట్ 9 రూపాయలు, బయట ఛార్జింగు కేంద్రంలో 20 రూపాయలు వేద్దాం. కరెంటు కారు ధర మూడున్నర లక్షలు ఎక్కువ. ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ ఊరి రేట్లు వేసుకుని మీరు మార్చుకోవచ్చు. బ్యాంకు వడ్డీ కలపలేదు.

మొదట నా సంగతి. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి, మధ్యలో బజారు, అంతా కలిపి నెలకు 300 కిలోమీటర్లు. పెట్రోలు 20 లీటర్లు, అంటే 2,100 రూపాయలు. కరెంటు అయితే 50 యూనిట్లు, 450 రూపాయలు. నెలకు 1,650 మిగులు. మూడున్నర లక్షలు తిరిగి రావాలంటే 17 ఏళ్ల పైమాటే! బ్యాటరీకి కంపెనీలు మామూలుగా ఇచ్చే గ్యారంటీ 8 ఏళ్లు.

ఇక మా తమ్ముడి సంగతి. రోజుకు 150 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, వెరసి 3,750 కిలోమీటర్లు. పెట్రోలు 250 లీటర్లు, 26,250 రూపాయలు. కరెంటు 625 యూనిట్లు, ఇంట్లో ఛార్జి చేసుకుంటే 5,625 రూపాయలు. నెలకు 20,625 మిగులు. పెట్టిన డబ్బు 17 నెలల్లో తిరిగి వస్తుంది.

నాకు 17 ఏళ్లు, వాడికి 17 నెలలు. బండి అదే, ఫిజిక్సు అదే. తేడా అంతా పరుగులో ఉంది.

అసలు చిక్కు

ఇంతవరకు చూసి "కొనెయ్యరా" అని ఫోను చేద్దామనుకున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది, వాడు ఉండేది అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో. బండి రాత్రి వీధిలో నిలబడుతుంది.

15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు మూడు యూనిట్ల పైన వస్తుంది. వాడి రోజు పరుగుకు కావలసినవి 25 యూనిట్లు. అంటే రాత్రి ఎనిమిది గంటలు బండి ప్లగ్గుకు కట్టేసి ఉండాలి. మనిషి నిద్రపోయేటప్పుడు బండి మేత మేస్తుందన్నమాట. ఇంతకంటే సుఖం లేదు. కాని వీధిలో ప్లగ్గు ఏది? రెండో అంతస్తు కిటికీలోంచి వైరు వేలాడదీయడం ప్రమాదం, నేను ఒప్పుకోను.

బయట ఛార్జి చేస్తే ఖర్చు 12,500 అవుతుంది. అప్పుడూ నెలకు 13,750 మిగులుతుంది గాని, ఫాస్ట్ ఛార్జరు దగ్గర కూడా గంట సేపు, పైగా క్యూ. ఆ గంటలో పోయే కిరాయిలు ఎవరిస్తారు?

నాకేమో సొంత ఇల్లు, షెడ్డు, గోడకు ప్లగ్గు ఉన్నాయి. ప్లగ్గు ఉన్నవాడికి పరుగు లేదు, పరుగు ఉన్నవాడికి ప్లగ్గు లేదు. మన దేశంలో కరెంటు బండి ఆచరణీయమా కాదా అనే ప్రశ్న నా దృష్టిలో ఇక్కడే ఉంది.

2022లో తిరుమల ఘాట్ రోడ్డు మీద విద్యుత్తు బస్సులు మొదలైనాయి. ఎక్కేటప్పుడు ఖర్చయిన శక్తిలో కొంత, దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. అక్కడ ప్లగ్గు చిక్కు లేదు, ఎందుకంటే బస్సుకు డిపో ఉంది. నార్వే దేశంలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువే. ఏళ్ల తరబడి పన్ను మినహాయింపులిచ్చారు, ఛార్జింగు ఏర్పాట్లు చేశారు. వాళ్ల కరెంటు దాదాపుగా జలవిద్యుత్తే.

పొగ సంగతి

"మన కరెంటు బొగ్గుదే గదా, ఇక లాభమేమిటి?" అని ఒక విద్యార్థి క్లాసులో అడిగాడు. మంచి ప్రశ్న. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. 100 కిలోమీటర్లకు 15 కిలోలు. కరెంటు బండికి, తీగల్లో పోయేది కూడా కలుపుకుంటే, 20 యూనిట్లు కావాలి. మన దేశపు సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, కాబట్టి 14 కిలోలు. తేడా స్వల్పమే, దాచనక్కరలేదు. బ్యాటరీ తయారీలో వచ్చే వాయువు మళ్లీ అదనం. కాని సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు పెరిగిన కొద్దీ, కొన్న బండి మారకుండానే దాని పొగ తగ్గుతూ పోతుంది. పెట్రోలు బండికి ఆ భాగ్యం లేదు. పైగా సిగ్నలు దగ్గర నిలబడ్డ పసిపిల్లవాడి ముక్కులోకి పొగ పోదు.

ఏం చెప్పాను?

పోయిన నెల హైదరాబాదు వెళ్లి వాళ్ల ఇంటి యజమానిని కలిశాను. పెద్దాయన మర్యాదస్థుడు. "బిల్లు నా మీద పడుతుందేమో, నిప్పు అంటుకుంటుందేమో అని భయమండీ" అన్నారు. వేరే మీటరు, సరైన ఎర్తింగు, బ్రేకరు పెట్టిస్తే సరిపోతుందని బొమ్మ గీసి చూపించాను. కాసేపు చూసి, "ఆలోచిద్దాం" అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. మావాడు ఇంకా పెట్రోలే పోయిస్తున్నాడు.

వాడికి చెప్పింది ఇదే: "ముందు ప్లగ్గు సంపాదించు, తరువాత బండి కొను. బండి కొన్న తరువాత ప్లగ్గు వెతుక్కోకు." నా పాత పెట్రోలు కారును నేను మార్చదలచుకోలేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో రేపు ఇళ్లకు ప్లాను గీసేవారున్నారు, ట్రాన్స్‌ఫార్మరు లోడు లెక్కవేసేవారున్నారు, అద్దె ఒప్పందాలు రాసే వకీళ్లున్నారు. బండిని బాగుచేసే పని శాస్త్రజ్ఞులు చాలావరకు చేసిపెట్టారు. వీధిలో నిలబడ్డ బండి దాకా ఒక మంచి తీగ తీసుకుపోయే పని మాత్రం మీకోసం మిగిలి ఉంది.