రాత్రివేళ ప్రయాణము – స్వీయరక్షణ హక్కు

రంజాన్ మాసములో మన నగరానికి రాత్రి అనేది ఉండదు. తరావీహ్ నమాజు ముగిసిన తరువాత పత్తర్‌గట్టి, మదీనా కూడలి, గుల్జార్ హౌజ్, లాడ్ బజార్ వీధులు పగటికంటె ఎక్కువగా వెలుగుతాయి. గాజులు బేరమాడే తల్లులు, హలీం గిన్నెల చుట్టూ మూగిన కుర్రవాళ్లు, సహరీ వేళ వరకు తెరచి ఉండే దుకాణాలు మనకు క్రొత్త కావు. జనవరిలో నాంపల్లి నుమాయిష్, శ్రావణ భాద్రపదాలలో మిత్రుల ఇండ్ల పండుగలు, పెండ్లిండ్లు సరేసరి. మన విద్యార్థులలో కొందరు రాత్రివేళ దుకాణాలలో లెక్కలు వ్రాసి చదువుకొంటున్నవారు కూడ ఉన్నారు. రాత్రి బయటకు పోవుట కొందరికి వేడుక, కొందరికి బ్రతుకుతెరువు. పోవలెనా వద్దా అనే చర్చ ఏనాడో ముగిసిపోయింది. పోయినవారు క్షేమముగా తిరిగి వచ్చుట ఎట్లు అనేదే ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచిన విషయము.

ముందుగా చట్టమేమి చెప్పునో చూతము. ఆత్మరక్షణ అనగానే మనవారికి కరాటే గుర్తుకు వస్తుంది గాని చట్టము గుర్తుకు రాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు గల సెక్షన్లు స్వీయరక్షణ హక్కునకు సంబంధించినవి. ఆ స్మృతిని 'తాజీరాతె హింద్' అనే పేరుతో ఉర్దూలోకి తెచ్చినవారిలో డిప్యూటీ నజీర్ అహ్మద్ ఒకరు. బాలికల చదువును గూర్చి 1869లో 'మిరాతుల్ ఉరూస్' నవల వ్రాసిన ఆయనే తరువాత హైదరాబాదు సంస్థానములో ఉద్యోగము చేసినారు. ఉర్దూ న్యాయభాషలో ఈ హక్కును 'హిఫాజతె ఖుద్ ఇఖ్తియారీ' అంటారు. తెలుగులో మనము వాడే 'ఆత్మరక్షణ'లో 'ఇఖ్తియార్' అనే మాటకు సాటి వచ్చే పదము లేదు. తనను తాను కాపాడుకొనుట ఒకరు దయతో ఇచ్చే అనుమతి కాదు, తనకే గల అధికారము అనే భావము ఆ ఉర్దూ మాటలో స్పష్టముగా ఉన్నది. రెండు భాషలు చదివే కళాశాలలో ఉన్నందుకు ఇటువంటి లాభాలు అప్పుడప్పుడు కలుగుతుంటాయి.

1860 స్మృతి స్థానములో 2023లో చేసిన భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చింది. ఈ హక్కు అందులో 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. సారాంశము పెద్దగా మారలేదు. 35వ సెక్షను ప్రకారము మన శరీరమునే గాక ఇతరుల శరీరమును కూడ కాపాడే హక్కు మనకు కలదు. ప్రక్కన నడుస్తున్న అపరిచితురాలిని ఒకడు పట్టి లాగుతుంటే అడ్డుపడిన యువకునికి కూడ చట్టము అండగా ఉంటుంది. 40వ సెక్షను ప్రకారము ఈ హక్కు దెబ్బ తగిలిన తరువాత పుట్టేది కాదు, ప్రమాదము వచ్చిపడుతున్నదనే సహేతుకమైన భయము కలిగిన క్షణముననే పుడుతుంది, ఆ భయము ఉన్నంతవరకు ఉంటుంది. ప్రాణభయము, తీవ్రమైన గాయము, మానభంగము, అపహరణ, ఆమ్ల దాడి వంటివి ఎదురైనప్పుడు ఎదుటివాని ప్రాణము పోయినను అది నేరము కాదని 38వ సెక్షను చెప్పుచున్నది. ఆమ్ల దాడిని ఈ జాబితాలో చేర్చినది 2013 సవరణతో. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నిటిని ఒకచోట క్రోడీకరించింది. దాడికి గురియైన మనిషి తన దెబ్బ బరువును లెక్క గట్టి, మెట్టు మెట్టుగా కొలిచి కొట్టవలెనని ఆశించుట వాస్తవము కాదని ఆ తీర్పు భావము.

అయితే ఈ హక్కునకు ఒక గట్టు ఉన్నది. మన మగపిల్లలు దానిని తరచుగా దాటుతుంటారు గనుక కొంచెము వివరముగా చెప్పవలసి ఉన్నది. ఒకడు ఫోను లాగికొని పరుగెత్తినాడు. వెంబడించి పట్టుకొని ఫోను తిరిగి తీసికొనుట మన హక్కులోనిదే. ఫోను చేతికి వచ్చిన తరువాత పదిమంది చేరి వానిని స్తంభానికి కట్టి కొట్టినచో అది రక్షణ కాదు. భయము తొలగిపోయింది, వస్తువు దొరికింది, హక్కు అక్కడ ముగిసింది. ఆ తరువాతి ప్రతి దెబ్బకు కొట్టినవాడే జవాబుదారి. అవసరమైన దానికంటె ఎక్కువ హాని చేయరాదనియు, పోలీసు సహాయము పొందే వ్యవధి ఉన్నప్పుడు చేయి చేసికొనరాదనియు 37వ సెక్షను చెప్పుచున్నది. డిగ్రీ చేతికి రాకముందే మనవాని పేరు కేసు కాగితాలలోకి ఎక్కుట ఏ తల్లిదండ్రులు కోరుకొంటారు?

ఇక్కడ మా అనుభవములోనికి వచ్చిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. సంబంధించిన విద్యార్థిని అనుమతితోనే, ఆమెను గుర్తింపదగిన వివరాలు తీసివేసి వ్రాస్తున్నాము. ఒక రంజాన్ రాత్రి ఆమె స్నేహితురాండ్రతో లాడ్ బజారుకు పోయింది. మిగిలినవారి ఇండ్లు ఒక దిక్కు, ఆమె ఇల్లు ఒక దిక్కు. పదిగంటల ప్రాంతములో ఒంటరిగా ఆటో ఎక్కింది. కొంత దూరము పోయిన తరువాత ఆటో ఎరిగిన దారి విడిచి సందులోకి మళ్లింది. మలుపులో మరొకడు డ్రైవరు ప్రక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆమె ఫోనులో చార్జి అయిపోయి ఉన్నది. అయినను దానిని చెవిదగ్గర పెట్టుకొని, అన్నతో మాట్లాడినట్లుగా ఆటో సంఖ్యను, వీధి పేరును గట్టిగా చెప్పింది. ఒక హలీం హోటలు ముందర జనసమ్మర్దానికి ఆటో నెమ్మదించగానే కేకవేసి దిగిపోయింది. హోటలు యజమాని ఆమెను గల్లా దగ్గర కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, తెలిసిన ఆటోలో ఇంటికి పంపినాడు.

మొదటి ఆటోవాడు నిజముగా దుర్బుద్ధితోనే మళ్లించినాడా, రద్దీ తప్పించుకొనుటకు సందు పట్టినాడా అన్నది ఎవరికిని తెలియదు. ఆటో నడుపుతూ పిల్లలను మన కళాశాలలో చదివించుకొంటున్న తండ్రులు ఎందరో ఉన్నారు గనుక ఈ మాట అనకుండ ఉండలేము. కాని ఆమె చేసిన పనికి ఆ నిర్ధారణ అవసరము లేదు. సహేతుకమైన భయము కలిగింది, ఎవరికి హాని చేయకుండ బయటపడింది. చట్టము కోరేది అంతకంటె తక్కువే.

మరునాడు ఆమె ఈ సంగతి మాతో చెప్పినప్పుడు మేము అడిగిన మొదటి ప్రశ్న, "అంత రాత్రి ఒక్కదానివి ఎందుకు పోయినావమ్మా?" అని. ఆమె తల వంచుకొని, "ఇంట్లో కూడ ఇదే అడుగుతారు సార్, అందుకే చెప్పలేదు. చెప్తే కాలేజి మాన్పిస్తారు" అన్నది. చదువుకొన్నవారము, చదువు చెప్పేవారము, మా నోట ఆ ప్రశ్న వచ్చినందుకు ఈనాటికి సిగ్గుపడుతున్నాము. ఆటోలో ఆమె కొన్ని నిమిషాలు భయపడింది. ఇంటిలో ఏమంటారో అనే భయము నెలల తరబడి ఉన్నది. రేపు ఆమెకు నిజముగా ఆపద వచ్చినచో, ఎవరికి ఫోను చేయవలెనో తెలియక కాదు, చేస్తే ఏమవుతుందో తెలిసి ఊరకుంటుంది. మన సన్నద్ధతలోని అతిపెద్ద లోపము ఇదేనని మా అభిప్రాయము.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపములో జరిగిన దారుణమును ఈ రాష్ట్రము మరువలేదు. ఆ యువ వైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసివేసినవారే సహాయము చేయుటకు వచ్చినట్లు నటించినారు. ఆమె భయపడి చెల్లెలికి ఫోను చేసింది. కుటుంబమువారు ఫిర్యాదుకు పోతే, అది ఏ ఠాణా పరిధి అనే మాట మీద ఆలస్యము జరిగిందని వారు వాపోయినారు. కొందరు పోలీసు సిబ్బందిని సస్పెండు చేసినారు కూడ. నేడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను. దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఈ ఒక్క మాట మన విద్యార్థులు, వారి తండ్రులు కంఠస్థము చేయదగినది. పరువు పోతుందనే భయమున్నవారు మరి రెండు సంగతులు తెలిసికొనవలెను. మానభంగము వంటి నేరములలో బాధితురాలి పేరు ప్రచురించుట శిక్షార్హము. స్త్రీని సాక్షిగా విచారింపవలసి వచ్చినప్పుడు ఠాణాకు రమ్మని బలవంతపెట్టరాదు, ఆమె నివాసమునకే పోయి విచారింపవలెను.

ఇక ఆచరణకు వత్తము. ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వినట్లు కాకుండ కొన్ని ఏర్పాట్లు బయలుదేరకముందే జరగవలెను. కలిసి పోయినవారు కలిసి తిరిగి రావలెను. ఆ విద్యార్థిని విషయములో దారులు వేరైన చోటనే చిక్కు వచ్చింది. చివరివారు ఇల్లు చేరినట్లు కబురు అందేవరకు మిగిలినవారి బాధ్యత తీరదు. జనములో తప్పిపోయినచో ఎక్కడ కలిసికొనవలెనో ముందే అనుకొనవలెను. రంజాన్ రద్దీలో ఫోను మ్రోగినను వినిపించదు. ఇంటివారి సంఖ్య ఒకటైనను నోటికి వచ్చి ఉండవలెను. 112 అత్యవసర సంఖ్య, 181 మహిళా సహాయ సంఖ్య అందరు ఎరిగినవే. హైదరాబాదులో 2014 అక్టోబరులో ఏర్పడిన షీ టీములు వీధి వేధింపులను గూర్చిన ఫిర్యాదులు తీసికొంటున్నవి.

చేయి చేసికొనవలసి వచ్చినచో మొదటి ఆయుధము గొంతు. జనములో ఊరక అరచినచో ప్రతివాడు వేరొకడు చూసుకొంటాడని అనుకొంటాడు. "నీలి చొక్కా భాయీ, వీణ్ణి పట్టుకోండి" అని ఒకరిని గురిపెట్టి పిలిచినచో ఆ ఒకడు కదులుతాడు, వానిని చూసి పదిమంది కదులుతారు. మణికట్టు పట్టినవాని పట్టులో బొటనవ్రేలి వైపు బలహీనముగా ఉంటుంది. ఆ వైపుకే ఒక్క ఊపున విడిపించుకొనవలెను. అరచేతి మడమతో ముక్కుమీద, మోకాలితో పొత్తికడుపు క్రింద, మోచేతితో వెనుకకు కొట్టుట నేర్చుకొనుటకు ఏండ్లు పట్టవు. కొట్టుట గెలుచుటకు కాదు, వెలుతురు వైపు పరుగెత్తుటకు కావలసిన రెండు క్షణాలు సంపాదించుకొనుటకు. మిరియపు స్ప్రే పెట్టుకొనేవారు అది సంచి అడుగున దువ్వెనల క్రింద ఉన్నచో లేనట్లేనని గ్రహింపవలెను. గాలికి ఎదురుగా కొట్టినచో మన కండ్లలోనే పడుతుంది. గడువు తేదీ కూడ చూచుకొనవలెను. కత్తి మాత్రము ఎవరును వెంట ఉంచుకొనవద్దు. పెనుగులాటలో అది ఎదుటివాని చేతికి పోవుట సులభము.

మన వార్షికోత్సవములో కరాటే విద్యార్థులు పెంకులు పగులగొట్టినప్పుడు మేమును చప్పట్లు కొట్టినాము. కాని రాత్రి వీధిలో ఎవరును పెంకులు పేర్చిపెట్టి మనకై ఎదురుచూడరు. కెనడాలో చార్లీన్ సెన్ అనే ఆచార్యురాలి నాయకత్వమున జరిగి 2015లో వెలువడిన పరిశోధన ఒకటి మన కమిటీ పెద్దలు గమనింపదగినది. మూడు విశ్వవిద్యాలయాలలో సుమారు 900 మంది విద్యార్థినులలో కొందరికి 12 గంటల శిక్షణ ఇచ్చినారు, మిగిలినవారికి కరపత్రాలు మాత్రమే ఇచ్చినారు. ఏడాదిలో అత్యాచారానికి గురియైనవారు కరపత్రాలు పొందినవారిలో నూటికి 9.8, శిక్షణ పొందినవారిలో 5.2. ఆ శిక్షణలో దెబ్బలు నేర్పుట ఒక భాగము మాత్రమే. ఎరిగినవాని వలన వచ్చే ప్రమాదమును ముందే కనిపెట్టుట, మొగమాటమును జయించి 'వద్దు' అనుట ఎక్కువ భాగము. మన దేశములో కూడ మానభంగము కేసులలో పదింట తొమ్మిదింట నిందితుడు ఎరిగినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటేట చెప్పుచున్నవి. రాత్రిని, వీధిని మాత్రమే నిందించినచో మనము తలుపు ఒకవైపే మూసినట్లు.

సాయంత్రము 5 గంటల తరువాత విద్యార్థినులు ఆవరణలో ఉండరాదనే సూచన కమిటీ ముందుకు వచ్చినట్లు విన్నాము. పెద్దల ఆందోళనను గౌరవిస్తూనే మేము ఏకీభవింపలేకున్నాము. ఉహుద్ యుద్ధములో ప్రవక్త చుట్టూ కత్తిపట్టి నిలిచినవారిలో నుసైబా ఒకరని మన పిల్లలకు మనమే చెప్పుచున్నాము గదా. గేటు మూయుట సులభము, దానికి ఖర్చు లేదు. అందుకు బదులుగా మహిళల విశ్రాంతి మందిరములో వారమునకు ఒక గంట చొప్పున 12 వారాలు శిక్షణ ఏర్పాటు చేయవలెనని, మగపిల్లలకు వేరుగా ఈ చట్టము పాఠముగా చెప్పించవలెనని, సాయంత్రపు సభలు జరిగిన రోజున ఇండ్లకు చేర్చే బస్సు ఒకటి ఉంచవలెనని కోరుచున్నాము. తల్లిదండ్రులకు కమిటీ పేరున ఒక లేఖ కూడ పోవలెను. "మీ అమ్మాయి వచ్చి ఇట్లు జరిగిందని చెప్పినప్పుడు చదువు మాన్పించకండి" అన్న ఒక్క వాక్యము అందులో ఉంటే చాలును. లేఖను తెలుగు ఉర్దూ భాషలలో వ్రాసి ఇచ్చే పని మేము, మా ఉర్దూ శాఖ మిత్రులు సంతోషముగా స్వీకరిస్తాము.

ఆ విద్యార్థిని చదువు కొనసాగుచున్నది. ఇంటిలో మాత్రము ఇంకను చెప్పలేదు.