బీరువా నిండా బట్టలే.. వేసుకోవడానికి ఏవీ లేవు!

ప్రశ్న: బస్సులో రోజూ కడప వెళ్లి బడిలో పాఠాలు చెబుతాను. ఎన్ని బట్టలు కొన్నా పొద్దున్నే ఏం వేసుకోవాలో తోచదు. నాకంటూ ఒక తీరు ఎలా వస్తుంది?
– ఒక పాఠకురాలు, చెన్నూరు

జవాబు: ప్రొద్దుటూరు బట్టల దుకాణాలకు వెళ్లినప్పుడల్లా పెళ్లిళ్లకనో, తగ్గింపు ధర చూసో కొని ఉంటారు. రోజూ బడికి కావాల్సినవి మాత్రం తక్కువే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ముందు బీరువా ఖాళీ చేసి, మీరు మళ్లీమళ్లీ వేసుకునే నాలుగు జతలు తీయండి. వాటి మెడ, చేతుల పొడవు, రంగు గమనించండి. మీ తీరు అదే, కొత్తగా వెతకక్కర్లేదు. ఏడాదిగా ముట్టనివి ఎవరికైనా ఇచ్చేయండి. తర్వాత గోధుమ, నీలం, మెరూన్ వంటి సాదా రంగుల్లో మూడు ప్యాంట్లు తీసుకుంటే కుర్తీలన్నీ వాటితో కలుస్తాయి.

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో నూలుబట్టే హాయి. కాటన్ అని చెప్పి పాలిస్టర్ కలిపినవీ అమ్ముతారు. అంచున ఒక పోగు లాగి, పళ్లెంలో పెట్టి జాగ్రత్తగా అంటించండి: నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కుట్టించే ముందు గుడ్డను రాత్రంతా నానబెట్టి ఆరేయండి, తర్వాత కుంచించుకుపోదు. చీరలు ఇష్టమైతే మన జిల్లా మాధవరం చేనేత చూడండి. నాకు వాటి మీద ప్రత్యేక అభిమానం!

భుజాలు, చంకల దగ్గర బట్టలు ఎప్పుడూ పట్టేస్తుంటే, నప్పిన కుర్తీ తీసుకుని దర్జీకి స్వయంగా చూపించండి. ఒరిపిడికి దద్దుర్లు వస్తుంటే చర్మవైద్యులను కలవండి. బట్టల బెంగతో నలుగురిలోకి వెళ్లడమే మానేస్తుంటే, ఆలస్యం చేయకుండా మానసిక నిపుణులతో మాట్లాడండి.