చెర్రీ పండ్ల పట్టణము హిగషినె



"మాది గులకరాళ్ళ నేల. పోసిన నీరు పోసినట్లే ఇంకిపోవును. ఇందులో ఏమి పండించగలము?" అని నిరాశపడు రైతులు మనలో అనేకులు కలరు. జపాను దేశములో హిగషినె అను చిన్న పట్టణము అటువంటి నేలమీదనే వృద్ధిలోనికి వచ్చినది. నేడు ఆ దేశములో చెర్రీ పండ్లు అన్నిటికంటె ఎక్కువగా పండు పట్టణము ఇదియే. ఈ పట్టణపు వారు ఏమి చేసి బాగుపడిరో, నేడు వారికి వచ్చిన చిక్కు ఏమిటో తెలిసికొనుట మన తోటల రైతులకు మేలు.

నేల, శీతోష్ణస్థితి

జపానులోని పెద్ద ద్వీపమైన హొన్షూ ఈశాన్య భాగమున యమగాత రాష్ట్రము కలదు. అందులో కొండల నడుమ నున్న పల్లపు ప్రదేశములో హిగషినె ఉన్నది. జనాభా అర లక్షకు లోపు. 1958లో దీనికి నగర హోదా వచ్చినది. మొగామి నది పట్టణమునకు పడమటగా పారును. తూర్పు కొండలనుండి దిగు మిదరె అను ఏరు వేల సంవత్సరములుగా రాళ్ళను, ఇసుకను తెచ్చి విసనకర్ర ఆకారములో పరచినది. ఆ మెరకలో నీరు నిలువదు గనుక వరికి అనుకూలము కాదు. కాని పండ్ల చెట్ల వేళ్ళకు నీరు నిలువని నేలయే కావలయును. వరికి లోపమైనది పండ్లకు గుణమైనది.

ఇక్కడ చలికాలమున మంచు దట్టముగా కురియును. వేసవిలో ఎండ తీవ్రముగా నుండును. చెర్రీ చెట్టు మొగ్గ విచ్చుకొనుటకు చలికాలములో చాలినంత చలి తగులవలెను. ఈ కారణముచేత మన మైదాన ప్రాంతములలో చెర్రీ పండదు. కనుక ఇది చెర్రీ నాటుడని చెప్పు పాఠము కాదు. తోట పెంచు తీరును గూర్చిన పాఠము.

ఒక రైతు పదునారేండ్ల కృషి

చెర్రీ జపానుకు విదేశములనుండి వచ్చిన పండు. 1870 తరువాతి సంవత్సరములలో యమగాతకు మొక్కలు వచ్చినవి. నాటిన రకములలో రెంటి సంగతి చూడుడు. "పసుపు మణి" అని పిలిచెడి రకము తియ్యగా నుండును కాని మెత్తనిది. కోసిన తరువాత నిలువదు. నెపోలియన్ అను రకము గట్టిది, నిలువయుండును కాని పులుపు. తియ్యని పండు సంతకు చేరదు, చేరిన పండు తియ్యగా నుండదు. రైతుకు రెండు విధములా నష్టమే.

హిగషినె రైతు ఎయిసుకె సాతో ఈ చిక్కు తీర్చ దలచెను. 1912లో ఈ రెండు రకములను సంకరపరచెను. అనగా ఒక రకపు పుప్పొడిని రెండవ రకపు పూవునకు అంటించి, దానివలన వచ్చిన పండ్ల గింజలను నాటెను. గింజ నాటిన మామిడి తల్లి చెట్టువలె కాయదని మీరెరుగుదురు. చెర్రీయు అంతే. ఒక్కొక్క మొలక ఒక్కొక్క తీరు. వాటిని పెంచి, కాపునకు వచ్చువరకు వేచియుండి, పండ్లు రుచి చూచి, పనికిరానివి తీసివేయుచు వచ్చెను. మొదటి పండ్లు చూచుటకే సుమారు పది సంవత్సరములు పట్టినది. చివరకు తీపి, గట్టితనము రెండును గల ఒక చెట్టును ఎన్నుకొనెను.

ఎన్నుకొన్న చెట్టు ఒక్కటే అయిన లోకమునకు ఏమి లాభము? మొక్కల వ్యాపారి తోసాకు ఒకాద ఆ చెట్టునుండి అంట్లు కట్టి రైతులకు అందించుటకు పూనుకొనెను. 1928లో దానికి "సాతో నిషికి" అని పేరు పెట్టిరి. సాతో అనునది ఆ రైతు ఇంటిపేరు. అదే ఉచ్చారణతో చక్కెర అని కూడ అర్థము వచ్చును. నిషికి యనగా జరీ పట్టువస్త్రము. రైతు పేరు, పండు తీపి రెండును ఆ పేరులో ఇమిడినవి. నేడు జపాను చెర్రీ పంటలో పదింట ఏడు పాళ్ళకు పైగా యమగాత రాష్ట్రములోనే పండును. ఆ రాష్ట్రపు చెర్రీ తోటలలో సుమారు పదింట ఏడు పాళ్ళు ఈ రకమే.

పూత నిలుచుటకు ఏమి చేయుదురు?

సాతో నిషికి పూవునకు తన రకపు పుప్పొడి పనిచేయదు. తోటనిండ అదే రకము నాటిన పూత పూయును గాని కాయ నిలువదు. అందుచేత తోటలో అక్కడక్కడ వేరు రకపు చెట్లను నాటుదురు. రెండు రకములును ఒకే కాలములో పూయవలెను. ఏ రకమైనను సరిపోవునని అనుకొనరాదు. ఒక దానికొకటి పొసగు రకములనే ఏర్చి నాటవలెను.

పుప్పొడిని చేరవేయుటకు తేనెటీగలతోపాటు ఒక జాతి చిన్న అడవి ఈగలను కూడ పెంచుదురు. ఇవి రెల్లు గొట్టములలో గ్రుడ్లు పెట్టును. రైతులు రెల్లు కట్టలు కట్టి తోటలో వాన తగులని చోట ఉంచుదురు. ఏప్రిల్ చివర చలిగానుండి ఈగలు తిరుగని దినములలో, పొడుగైన కర్రకు ఈకల కుంచె కట్టి, ఒక రకపు పూవులపై నిమిరి తరువాత రెండవ రకపు పూవులపై నిమురుదురు. పూతకాలమున రాత్రి నీరు గడ్డకట్టునంత చలి వేసినచో పంట పోవును. 2021 ఏప్రిల్‌లో యమగాత తోటలకు ఇట్లే గొప్ప నష్టము కలిగినది.

వానకు గొడుగు

సాతో నిషికి జూన్ నెలలో పండును. జపానులో వర్షకాలము ప్రారంభమగునది కూడ అప్పుడే. పండిన చెర్రీ మీద వాన పడినచో తొక్క నీటిని పీల్చుకొని పగులును. పగిలిన పండు అమ్మకమునకు పనికిరాదు, కుళ్ళును. అందుచేత చాలకాలము గట్టి నెపోలియన్ రకమునే డబ్బాలలో నిలువచేయుటకు ఎక్కువగా పండించెడివారు.

1970 తరువాత తాజా పండునకు గిరాకి పెరిగినది. అప్పుడు రైతులు చెట్ల వరుసలపై ఇనుప గొట్టములతో చట్టములు కట్టి, పండు రంగు తిరుగు కాలమున పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పుట నేర్చిరి. ప్రక్కలు తెరచియే యుండును గనుక గాలి ఆడును. ఖర్చు పెద్దదే, కాని ఏడాది పంట ఒక్క వానతో పోవుట కంటె మేలని వారు తలచిరి.

కోత, కట్టుబడి

తెల్లవారకముందే, చల్లనివేళ కోయుదురు. పండును తొడిమతో సహా కోయవలెను. తొడిమ మొదట వచ్చే ఏటి మొగ్గలుండును గనుక దానిని చీల్చి లాగరాదు. పిమ్మట పరిమాణమును బట్టి, రంగును బట్టి వేరుచేసి పెట్టెలలో పేర్చుదురు. కోతకాలము కొద్ది వారములే. అన్ని తోటలకు ఒకేసారి కూలీలు కావలయును. రైతులు వృద్ధులగుచున్నారు, కూలీలు దొరకుట కష్టముగా నున్నది. 1999లో వేగపు రైలు ఈ ఊరికి వచ్చినది. ఆ స్టేషనుకు "సకురాంబో హిగషినె", అనగా "చెర్రీ పండు హిగషినె" అని పేరుపెట్టిరి.

ఒకే రకమును నమ్ముకొనినచో

ఇంతవరకు చెప్పినది వారి గెలుపు. ఇక వారి చిక్కు వినుడు. చెర్రీ చెట్టునకు మరుసటి ఏటి పూమొగ్గ ముందటి వేసవిలోనే ఏర్పడును. ఆ సమయమున ఎండ మితిమీరినచో ఒక పూవులో రెండు కీలములు ఏర్పడి, జంట పండ్లు కాయును. ఇవి మంచి ధరకు పోవు. 2023 వేసవి మిక్కిలి వేడిగా నుండుటచే 2024లో జంట పండ్లు విస్తారముగా వచ్చినవి. పైగా కోత సమయమున ఎండ కాసి పండు త్వరగా మెత్తబడినది. దిగుబడి బాగా తగ్గినది. తోటలలో అధికభాగము ఒకే రకమగుటచే దెబ్బ అందరికి ఒకేసారి తగిలినది.

దీనికి మార్గమును వెదకుచున్నారు. సాతో నిషికికి పుట్టిన "బెని షూహో" అను రకము యమగాత పరిశోధన స్థానములో తయారై 1991లో నమోదైనది. ఇది గట్టిది, కొంచెము ఆలస్యముగా పండును. పెద్ద పండ్లు కాయు "యమగాత బెనియో" అను రకమును 2023నుండి విరివిగా అమ్ముచున్నారు. పండు కాలము వేరగు రకములు తోటలో ఉన్నచో కూలీల ఒత్తిడి తగ్గును, ఒక్క గండమునకు పంటంతయు పోదు.

మనము గ్రహించవలసినవి

1. నేల గుణమును బట్టి పంట నెన్నుకొనుడు. ఒక పంటకు పనికిరాని నేల మరియొక పంటకు అనుకూలము కావచ్చును.

2. మీ తోటలో ఏ చెట్టు మంచి కాపు, మంచి రుచి, మంచి నిలువ చూపుచున్నదో గుర్తుపెట్టి ఏటేట వ్రాసి ఉంచుడు. ఒక్క ఏటి కాపు చూచి నిర్ణయింపకుడు. వరుసగా కొన్ని ఏండ్లు బాగున్న చెట్టునుండియే అంట్లు కట్టుడు.

3. పూత రాలినచో ఎరువునే నిందింపకుడు. పుప్పొడి చేరుచున్నదా, ఈగలు తిరుగుచున్నవా అని చూడుడు. పూతమీద మందులు చల్లి ఈగలను చంపుకొనకుడు.

4. తోటనంతయు ఒకే రకముతో నింపకుడు. బంగినపల్లికి మంచి ధర వచ్చుచున్నదని అదొక్కటే నాటినచో, ఆ రకము తప్పిన ఏడు చేతిలో ఏమియు మిగులదు. వేరు వేరు కాలములలో పండు రకములను కొన్నింటిని కూడ నాటుకొనుడు.

ఒక రైతు పదునారేండ్ల ఓపిక ఒక పట్టణమును నిలిపినది. దానిని ఇకమీద నిలుపుకొనుటకు అక్కడి రైతులు మరల క్రొత్త రకములను నాటుచున్నారు. ఈ సంవత్సరము మీ తోటలో ఏ చెట్టు మొదట గుర్తుపెట్టవలెనో నేడే చూచుకొనుడు.