అడవులదీవి గాలి: ఫోన్‌లో అంకె, పైన మూత

తుఫాను వస్తుందంటే మన కోస్తాలో అందరం గాలి గురించే మాట్లాడతాం. మామూలు రోజుల్లో పీల్చే గాలి సంగతి మాత్రం ఫోన్‌లోని యాప్‌కి వదిలేస్తాం. తెనాలి అని కొట్టినా, నిజాంపట్నం దగ్గరి అడవులదీవి అని కొట్టినా ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను ఎలా చదవాలో ఈ పాఠంలో చూద్దాం. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళో, పసిపిల్లలో ఉంటే ఇది మార్కుల కోసం చదివే చదువు కాదు.

1. ఏ స్కేలు?

గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, నేరుగా కొలిచే రాశి కాదు. ఒక్కో కాలుష్యానికి విడిగా ఉపసూచీ కడతారు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదే ఆ రోజు ఏక్యూఐ. ఇక్కడ సగటు తీయరు.

ఒక లెక్క చేద్దాం. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 సూక్ష్మకణాలు 60 మైక్రోగ్రాములు ఉన్నాయనుకోండి. మన దేశపు స్కేలులో అది 100, అంటే 'సంతృప్తికరం'. అమెరికా స్కేలులో అదే గాలి 150 దాటి 'అనారోగ్యకరం' అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 24 గంటల పరిమితి 15 మైక్రోగ్రాములే. గాలి ఒకటే, తీర్పులు మూడు. అందుకని యాప్ ఏ దేశపు స్కేలు వాడుతోందో ముందు చూడాలి.

2. కొలిచిందా, అంచనా కట్టిందా?

అమరావతి సచివాలయం దగ్గర కాలుష్య నియంత్రణ మండలి యంత్రం ఉంది. అది అక్కడి గాలిని కొలుస్తుంది. అడవులదీవి అక్కడికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం పక్కన ఉంది. యంత్రం లేని ఊళ్ళకు యాప్‌లు సాధారణంగా ఉపగ్రహ చిత్రాలు, వాతావరణ నమూనాలతో అంచనా కడతాయి. ఉపగ్రహం పైనుంచి కిందిదాకా ఉన్న గాలి మొత్తాన్ని కలిపి చూస్తుంది. మన ముక్కు దగ్గర ఎంత ఉందో దానికి విడిగా కనపడదు. పక్క చేలో రాత్రి గడ్డి తగలబెడితే ఆ అంకె కదలకపోవచ్చు కూడా.

3. పైన మూత

ఇప్పుడు అసలు విషయం. నేల మీది గాలిని ఒక పెట్టె అనుకుందాం. పొగ గాఢత = వెలువడే పొగ ÷ (పెట్టె వెడల్పు × ఎత్తు × గాలి వేగం).

మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి బాగా పైకి కలుస్తుంది. ఎత్తు 1000 మీటర్లు, గాలి వేగం సెకనుకు 4 మీటర్లు అనుకోండి. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన దానికన్నా వెచ్చని గాలి. దీన్నే ఉష్ణోగ్రత విలోమం అంటాం. అదే మూత. అప్పుడు ఎత్తు 200 మీటర్లు, వేగం 1 మీటరు అనుకుంటే గాఢత 5 × 4 = 20 రెట్లు. పొగ మాత్రం ఒక్క పిసరు కూడా పెరగలేదు!

4. అట్లాంటిక్‌లో ఒక దీవి

ఈ మూత పని పెద్ద ఎత్తున చూడాలంటే స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని లా పాల్మా మంచి ఉదాహరణ. అక్కడ 2021 సెప్టెంబరు 19న కుంబ్రే వియేహా మీద అగ్నిపర్వతం పేలింది. డిసెంబరు 13 దాకా లావా, బూడిద, సల్ఫర్ డయాక్సైడ్ కక్కింది. అయినా ఏ రోజు ఏ ఊరికి ఎంత గాలి చెడిందన్నది ఒక్క అగ్నిపర్వతం చేతిలో లేదు. ఈశాన్య వ్యాపార పవనాలు, వాటి మీద పరుచుకునే విలోమ పొర కూడా అందులో భాగస్తులే. పైగా ఆఫ్రికా నుంచి సహారా దుమ్ము వస్తుంది. అక్కడివాళ్ళు దాన్ని కాలిమా అంటారు. 2020 ఫిబ్రవరిలో ఏ విస్ఫోటనమూ లేకుండానే కాలిమా కానరీ దీవుల విమానాశ్రయాలను మూయించింది.

ఆ దీవి లావాతో పుట్టింది. మన అడవులదీవి ఉన్న నేల కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు. రెండుచోట్లా సూత్రం మాత్రం ఒకటే.

5. మన తీరంలో

పగలు సముద్ర పవనం లోపలికి వీస్తుంది, రాత్రి భూ పవనం సముద్రం వైపు తిరుగుతుంది. సముద్రపు గాలి ఎప్పుడూ శుభ్రమే అనుకుంటాం గానీ, రాత్రి అటు పోయిన పొగ పొద్దున మళ్ళీ మన మీదికే రావచ్చు. యంత్రంతో వరి కోస్తే గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతుంది. వామి వెయ్యడానికి కూలి ఖర్చు, తర్వాతి పంటకి తొందర. అందుకే అగ్గిపుల్ల గీస్తారు. రైతును తిట్టి లాభం లేదు. బేలర్ అందుబాటులో ఉంటే ఆ గడ్డి పశువులకు మేత అవుతుంది. అది లేనిచోట కనీసం సాయంత్రం నుంచి తెల్లారేదాకా నిప్పు పెట్టకుండా ఉంటే ఊరికి మేలు. అప్పుడే మూత కిందికి దిగి ఉంటుంది.

ప్రాజెక్టు చేసేవాళ్ళకి ఒక మాట. చౌక సెన్సార్లు కాంతి చెదరడాన్ని బట్టి కణాలను లెక్కిస్తాయి. తీరంలో తేమ ఎక్కువ. తేమ పీల్చి ఉబ్బిన ఉప్పు కణాలను కూడా అవి ఎక్కువ చేసి చూపిస్తాయి. పక్కన తేమ సెన్సార్ కూడా పెట్టి సరిదిద్దుకోండి.

కాబట్టి అంకె కనపడగానే మూడు ప్రశ్నలు: ఏ స్కేలు? ఎక్కడ కొలిచారు? ఇప్పుడు గాలీ మూతా ఎలా ఉన్నాయి? చలికాలం తెల్లవారుజామున గాలి ఆడక, పొగ నేలబారుగా పరుచుకుని కనపడితే, యాప్ పచ్చరంగు చూపించినా సరే, ఉబ్బసం ఉన్నవాళ్ళ నడకను ఎండెక్కేదాకా ఆపండి.