చెలక మట్టి ఎంత కొట్టుకుపోతుందో ఎక్సెల్‌లో లెక్కేద్దాం

పాలమూరు, నల్లగొండ చెలకల్లో వాన తక్కువే, కానీ పడినప్పుడు దంచుతుంది. పత్తి గింజ పెట్టిన జూన్‌లో నేల బోసిగా ఉంటుంది, పైమట్టి ఎక్కువగా పోయేది అప్పుడే. ఏటా ఎంత పోతుందో అంచనా కట్టే సూత్రం యూఎస్‌ఎల్‌ఈ (యూనివర్సల్ సాయిల్ లాస్ ఈక్వేషన్). అమెరికాలో విష్‌మైయర్, స్మిత్ 1965లో, మళ్లీ 1978లో ప్రచురించారు. అంతా కలిపి ఐదు అంకెల గుణకారం.

కావలసినవి

ఎక్సెల్ ఉన్న ఫోనైనా చాలు. టేపు, మేస్త్రీల లెవల్ పైపు, మండలం సగటు వార్షిక వర్షపాతం.

పద్ధతి

1. ముందు పొలానికే వెళ్దాం. నీళ్లు పారే దిక్కున పైగట్టు నుంచి కింది గట్టు దాకా టేపు పట్టి, పైపుతో ఎత్తు తేడా చూద్దాం. 60 మీటర్లకు 120 సెంటీమీటర్లు దిగితే వాలు 2 శాతం. పొలం మొత్తం పొడవు వేయకండి, గట్టు దగ్గర నీటి పరుగు ఆగుతుంది.

2. వాన అంకె: వార్షిక వర్షపాతం మిల్లీమీటర్లను 0.363తో గుణించి 79 కలపాలి. 700కు 333.

3. నేల అంకె: హైదరాబాద్ ఎర్ర చెలకకు 0.08. నల్లరేగడికి ఇది పనికిరాదు.

4. వాలు అంకె: పొడవును 22.13తో భాగించి, 0.3 ఘాతానికి ఎత్తండి (1 నుంచి 3 శాతం వాలుకే). వాలును 0.02గా రాసి, దాని వర్గాన్ని 65.41తో, వాలును 4.56తో గుణించి, రెండూ కలిపి 0.065 చేర్చండి. ఈ రెండు ఫలితాల గుణకారం దాదాపు 0.25.

5. పంటకు 0.5 అనుకుందాం. దున్నే తీరు అంకె: వాలు వెంట దున్నితే 1, అడ్డంగా దున్నితే 0.6.

6. అన్నీ ఎక్సెల్ గడుల్లో రాసి గుణిస్తే హెక్టారుకు ఏడాదికి 3.3 టన్నులు. అడ్డంగా దున్నితే 2. మధ్యలో ఇంకో గట్టు వేసి పొడవు 30 మీటర్లు చేస్తే 1.6. నా దృష్టిలో అసలు లాభం ఈ పోలికే. టన్నుల్ని అచ్చంగా నమ్మక్కర్లేదు.

తప్పులు

అమెరికా పట్టికల నేల అంకెను మన వాన అంకెతో కలపడం ఎక్కువమంది చేసేదే. కొలమానాలు వేరు కాబట్టి లెక్క మొత్తం చెడుతుంది.

వాలును ఇస్రో వెబ్‌సైటు భువన్‌లోని ఎత్తుల పటం నుంచి తీసుకోవడం రెండోది. 30 మీటర్ల గడిలో మన గట్టు కనబడదు.

ఈ సూత్రం పలుచగా, చిన్న చిన్న కాల్వలుగా పోయే మట్టినే లెక్కిస్తుంది, పెద్ద కోతల్ని కాదు. పైగా అది చాలా ఏళ్ల సగటు, ఒక్క రాత్రి వానకు జవాబు చెప్పదు. అందుకే కొత్త గట్టు పల్లంగా ఉన్నచోట రాళ్లు పేర్చి నీళ్లకు దారి వదలండి. లేకపోతే మొదటి గట్టి వానకే గండి పడుతుంది.