ఆ 55 మిల్లీమీటర్లు

ఫోన్‌ని ఐపీస్ దగ్గర పట్టుకుని చంద్రుణ్ణి ఫొటో తీయడం మనలో చాలామంది చేసే పనే. దాని తర్వాత మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్. అక్కడికి రాగానే అందరూ అడిగేది "ఏ అడాప్టర్ కొనాలి?" అని. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: మీ టెలిస్కోప్‌లో బొమ్మ అసలు ఎక్కడ ఏర్పడుతోంది?

కెమెరాకున్న లెన్స్ తీసేస్తాం, టెలిస్కోప్‌కున్న ఐపీస్ తీసేస్తాం. ఇక టెలిస్కోపే కెమెరాకి లెన్స్. దీన్ని ప్రైమ్ ఫోకస్ అంటారు. కొత్త ఐడియా ఏం కాదు. గత శతాబ్దం మొదట్లో మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం నక్షత్రాల ఫొటోలు తీసింది ఇదే సూత్రంతో. అక్కడ సెన్సర్ బదులు గాజు ప్లేటు, అంతే.

కావలసినవి రెండే. ఒకటి టీ-రింగ్. ఇది ఒకవైపు కెమెరా బాడీకి లెన్స్‌లాగే తిరిగి పట్టుకుంటుంది, రెండోవైపు 42 మిల్లీమీటర్ల మర ఉంటుంది. కెనాన్‌ది నికాన్‌కి పట్టదు, చూసి కొనండి. రెండోది నోస్‌పీస్. ఆ మరకి బిగించే 1.25 అంగుళాల గొట్టం ఇది, ఐపీస్ ఉండే చోట దూరుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కెనాన్ ఈఎఫ్ బాడీలో మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 44 మిల్లీమీటర్లు, అందుకే దాని టీ-రింగ్ 11 మందం. నికాన్‌లో 46.5, రింగ్ 8.5. బాడీ ఏదైనా మొత్తం 55. మన సీఎస్ఈ వాళ్ళకి చెప్పాలా, ఇంటర్‌ఫేస్ అంటే ఇదే కదా!

చిక్కు కూడా ఆ 55తోనే. మనలాంటి వాళ్ళు ఎక్కువగా కొనే చిన్న న్యూటోనియన్ టెలిస్కోపులు కంటితో చూడటానికి తయారైనవి. వాటిలో బొమ్మ ఫోకసర్ అంచుకి కొద్ది దూరంలోనే ఏర్పడుతుంది. సెన్సర్ ఏమో 55 వెనకాల కూర్చుంటుంది. ఫోకసర్‌ని ఎంత లోపలికి తిప్పినా అందదు, తెర మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. అడాప్టర్ మంచిదే, కెమెరా మంచిదే, డబ్బులు మాత్రం పోయాయి.

ముందే తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని టెస్ట్ ఉంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మిగిలిన ట్రేసింగ్ పేపర్ ముక్క తీసుకోండి. ఐపీస్ తీసేసి, ఫోకసర్ పూర్తిగా లోపలికి తిప్పి, టెలిస్కోప్ చంద్రుడి వైపు పెట్టండి. పేపర్‌ని ఫోకసర్ వెనక ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట బుల్లి చంద్రుడు స్పష్టంగా పడతాడు. ఫోకసర్ అంచు నుంచి అక్కడికి స్కేలుతో కొలవండి. 55 దాటి, నోస్‌పీస్ అంచు మందానికి ఇంకొన్ని మిల్లీమీటర్లు ఉంటే కెమెరా పనిచేస్తుంది. 20, 30 దగ్గరే ఆగిపోతే నేరుగా కుదరదు. ఈ పరీక్ష సూర్యుడితో మాత్రం చేయొద్దు. కాగితం, కెమెరా కాలిపోవచ్చు. కన్ను పోతే తిరిగి రాదు.

కుదరకపోతే? అద్దాన్ని ముందుకి జరపడం, ట్యూబ్ కోయడం లాంటి వైద్యాలున్నాయి గానీ నా ఓటు 2 రెట్ల బార్లో లెన్స్‌కే. అది బొమ్మని వెనక్కి నెడుతుంది, పైగా ఫోకల్ లెంగ్త్ రెట్టింపు చేస్తుంది. 650 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌లో చంద్రుడు సెన్సర్ మీద సుమారు 6 మిల్లీమీటర్లే. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు దాదాపు 15. బార్లోతో చంద్రుడు 12 అవుతాడు, ఫ్రేమ్ చక్కగా నిండుతుంది.

వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది నిజమే, కానీ చంద్రుడికి అది లెక్క కాదు. ఎఫ్/5 టెలిస్కోప్ బార్లోతో ఎఫ్/10 అవుతుంది. పున్నమి రోజు ఐఎస్‌ఓ 100, 1/125 సెకనుతో మొదలుపెట్టండి. మోటార్ లేకపోయినా పర్లేదు. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. 1300 మిల్లీమీటర్ల దగ్గర, 4.3 మైక్రాన్ల పిక్సెల్ అనుకుంటే, అది సెకనుకి 22 పిక్సెళ్ళు. 1/125లో పిక్సెల్‌లో ఐదో వంతు కూడా కాదు. నెబ్యులాలకి ఈ లెక్క పనికిరాదు, వాటికి ట్రాక్ చేసే మౌంట్ ఉండాల్సిందే.

ఇక చిన్న సంగతులు. కెమెరా ఎమ్ మోడ్‌లో ఉండాలి. అపర్చర్ దగ్గర అంకె కనపడదు, కంగారు పడొద్దు. కెమెరా అరువుది అయితే (మనలో ఎక్కువమందికి అంతే) దాని పట్టీని టెలిస్కోప్‌కి చుట్టి కట్టండి, ఫోకసర్ స్క్రూని నమ్మొద్దు. కెమెరా బరువుకి ట్యూబ్ ఒకవైపు వాలుతుంది, రింగులు వదులు చేసి ట్యూబ్‌ని జరిపి సరిచూసుకోండి. ఫోకస్‌ని లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి, గుంతల అంచుల మీద పట్టండి. షటర్ చేత్తో నొక్కితే అంతా వణుకుతుంది, 2 సెకన్ల టైమర్ వాడండి.

ఒక్క ఫొటోతో ఆగకండి. 16 తీసి, ఒకదానిపై ఒకటి సరిగ్గా జరిపి, పైథాన్‌లో సగటు తీయండి. నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది. ప్రాబబిలిటీ క్లాసులో చెప్పిన రూట్ ఎన్ ఇదే. సగటు పది లైన్ల కోడ్. ఫొటోలని సరిగ్గా జరపడమే అసలు పని, దానికి ఓపెన్‌సీవీ ఉంది.